విప్పే పెట్టె, విప్పని పెట్టె: పిల్లలకు సినిమా బొమ్మల సెట్లు కొనేవాళ్ల కోసం

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఏదైనా ఫ్యాన్సీ షాపులోనో, వరంగల్ జేపీఎన్ రోడ్డులోని బొమ్మల దుకాణంలోనో నిలబడి "ఎనిమిదేండ్ల బాబుకు స్పైడర్‌మ్యాన్‌ది ఏదన్నా మంచిది చూపించన్నా" అని అడిగి చూడండి. కౌంటర్ మీదికి నాలుగైదు పెట్టెలు వస్తాయి. ఒకదాంట్లో చేతులు, కాళ్లు కదిలే ప్లాస్టిక్ బొమ్మ ఉంటుంది. ఇంకోదాంట్లో ముక్కలు కలిపి కట్టుకునే సెట్టు. మూడోది ముందువైపు ప్లాస్టిక్ కిటికీ ఉన్న పెట్టె, లోపల పెద్ద తలకాయ, బుల్లి ఒళ్లు ఉన్న బొమ్మ. నాలుగోది లోపల ఏముందో బయటికి చెప్పని చిన్న డబ్బా. అన్నిటి మీదా అదే హీరో. ధర మాత్రం వందల నుంచి వేల దాకా పోతుంది.

ధర ఎక్కువ ఉన్నదే మంచిదని కొనేవాళ్లు అనుకోవడం సహజం. కానీ ఆ నాలుగూ ఒకే వస్తువుకు నాలుగు గ్రేడులు కావు. వేరువేరు మనుషులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఒకటి పిల్లవాడు ఆడి ఆడి రంగు పోగొట్టడానికి. ఒకటి కట్టి, విప్పి, మళ్లీ కట్టడానికి. ఒకటి ఉద్యోగం చేసే మనిషి తన షెల్ఫులో పెట్టుకోవడానికి. ఇంకొకటి, నిజం చెప్పాలంటే, మళ్లీ మళ్లీ కొనిపించడానికి. మేనమామ మూడు వేలు పెట్టి తెచ్చిన బహుమతి వారం తిరక్కుండానే బీరువా పైకి ఎక్కిందంటే, చాలాసార్లు కారణం పిల్లవాడి చంచలత్వం కాదు. షెల్ఫు కోసం చేసిన వస్తువును ఆడుకోమని ఇచ్చాం. లేదా ఆడుకునే వస్తువు ఇచ్చి "అది విప్పకు బిడ్డా, ఖరాబైతది" అన్నాం.

దాచిపెడితే విలువ పెరుగుతుందా?

ఈ వ్యాపారానికి ఇప్పుడున్న రూపం వచ్చింది 1977లో. ఆ ఏడాది మే నెలలో స్టార్ వార్స్ అనే అమెరికా అంతరిక్ష సినిమా విడుదలైంది. బొమ్మల హక్కులు తీసుకున్న కెన్నర్ కంపెనీ అంత గిరాకీని ఊహించలేదు. క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. దాంతో వాళ్లు ఒక అట్ట కవరులో సర్టిఫికెట్ పెట్టి అమ్మారు. అది పోస్టులో పంపిస్తే వచ్చే సంవత్సరం నాలుగు బొమ్మలు ఇంటికి వస్తాయన్నది ఒప్పందం. పండుగ పూట పిల్లల చేతికి వచ్చింది అట్టముక్క! అయినా జనం కొన్నారు. బొమ్మ కన్నా కథ మీది ఇష్టమే అమ్ముడుపోతుందని బొమ్మల కంపెనీలకు అప్పుడు బాగా అర్థమైంది.

ఆ కాలపు బొమ్మలు సీలు తీయకుండా ఉంటే ఇప్పుడు భారీ ధర పలుకుతున్నాయి. ఎందుకు? అప్పటి పిల్లలు పెట్టెలు చింపి పారేశారు. బొమ్మలను మట్టిలో ఆడించారు, చేతులు విరగ్గొట్టారు. చెక్కుచెదరకుండా మిగిలినవి చాలా కొద్ది. ఇప్పుడు పెట్టె మీద ముందే "కలెక్టర్స్ ఎడిషన్" అని అచ్చేస్తున్నారు కాబట్టి కొన్నవాళ్లందరూ దాస్తున్నారు. అందరి దగ్గరా భద్రంగా ఉన్న వస్తువుకు కరువు ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద తలకాయ బొమ్మలకు పేరుపడ్డ ఫంకో కంపెనీ 2023లో గోదాముల్లో పేరుకుపోయిన 3 కోట్ల నుంచి 3.6 కోట్ల డాలర్ల సరుకును పారేయబోతున్నట్టు తానే ప్రకటించింది. నిల్వ ఉంచే ఖర్చు కన్నా పారేయడమే చవక అని లెక్క తేలింది మరి.

ప్లాస్టిక్ ఇటుకల ముక్కలు కలిపి కట్టుకునే లెగో కంపెనీ సెట్ల సంగతి కొంచెం వేరే అని చెప్పాలి. 1987 నుంచి 2015 వరకు వచ్చిన సెట్ల ధరలను రష్యాకు చెందిన ఆర్థిక శాస్త్ర పరిశోధకులు పరిశీలించారు. ఉత్పత్తి ఆగిపోయాక సీలు తీయని సెట్ల ధర ఏడాదికి సగటున 11 శాతం పెరిగిందని తేల్చారు. ఈ ఒక్క వాక్యం పట్టుకుని "బంగారం కన్నా మేలు" అనేవాళ్లున్నారు. అదే పరిశోధనలో కొన్ని సెట్లు సగం ధరకు పడిపోయాయని, కొన్ని అనేక రెట్లు పెరిగాయని కూడా ఉంది. ఏది ఎటు పోతుందో కొనేటప్పుడు తెలియదు. పైగా ఆ లెక్కంతా విప్పని పెట్టెలకు. విప్పకుండా ఇరవై ఏండ్లు దాచాల్సిన వస్తువు పిల్లవాడి పేరు మీద వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ అవుతుంది. అది తప్పేం కాదు, కానీ దాన్ని రంగు కాగితంలో చుట్టి పుట్టినరోజు నాడు చేతికివ్వడం మాత్రం దుర్మార్గం.

పెట్టె మీది అంకె ఏం చెబుతుంది

అసలు గందరగోళం వయసు అంకెల్లో ఉంది. 3+, 4+, 8+, 15+, 18+. చూడటానికి ఒకే కొలబద్ద మీది గీతల్లా ఉంటాయి కానీ ఇవి మూడు వేరువేరు విషయాలు చెబుతాయి.

మూడేండ్ల గీత భద్రతకు సంబంధించినది. అంతకన్నా చిన్న పిల్లలు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు. అందుకే చిన్న ముక్కలను కొలవడానికి ఒక పరీక్ష ఉంది. దాదాపు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో ఏ ముక్కయితే పూర్తిగా ఇమిడిపోతుందో, అది పసివాళ్ల గొంతుకు అడ్డం పడగలదని లెక్క. లెగో మనిషి తలకాయ, బొమ్మ చేతిలోని కత్తి, కారు చక్రం అన్నీ అందులో పడతాయి. కాబట్టి ఈ అంకెను బహుమతి అందుకునే పిల్లవాడిని బట్టి కాదు, ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాడిని బట్టి చదవాలి. అన్నకు ఎనిమిదేండ్లుండి చెల్లె ఇంకా పాకుతుంటే, వెయ్యి ముక్కల సెట్టు ఆ ఇంటికి టెన్షన్ తప్ప ఇంకేమీ కాదు. మన ఇండ్లలో బొమ్మలకు వేరే గది ఉండదు, అంతా హాల్లోనే.

ఎనిమిదేండ్ల గీత కష్టానికి సంబంధించినది. ముక్కలు ఎన్ని, బొమ్మల పుస్తకం చూసి కట్టడానికి ఎంత ఓపిక కావాలి అనే అంచనా అది. ఇక్కడ కాస్త అటూ ఇటూ పోవచ్చు. చేతిపని ఇష్టమైన ఆరేండ్ల పిల్ల, తండ్రి పక్కన కూర్చుంటే ఎనిమిదేండ్ల సెట్టు కడుతుంది. ఓపిక లేని పదేండ్ల పిల్లవాడు సగంలో వదిలేస్తాడు.

18+ అనేది ఇంకో సంగతి. లెగో 2020 నుంచి పెద్దవాళ్ల సెట్ల మీద ఈ అంకె వేస్తోంది. లోపల పిల్లలు చూడకూడనిది ఏమీ ఉండదు. "ఇది మీకోసమే, సిగ్గుపడకుండా కొనుక్కోండి" అని పెద్దలకు చెప్పడమే దాని ఉద్దేశం. 2017లో వచ్చిన స్టార్ వార్స్ అంతరిక్ష నౌక సెట్టులో 7541 ముక్కలున్నాయి. పదేండ్ల పిల్లవాడికి దాన్ని ఇవ్వడమంటే వాళ్ల నాన్నకు నెల రోజుల పని ఇవ్వడమే. కట్టాక ఆడుకోవడానికి ఎత్తితే ముక్కలు రాలతాయి.

నాలుగో అంకె పెట్టె మీద ఉండనే ఉండదు. అది సినిమాకు ఇచ్చిన సర్టిఫికెట్. మన సెన్సార్ వ్యవస్థలో, పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే పాత యూఏను ఇప్పుడు యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని విడగొట్టారు. ఓటీటీల్లోనూ 2021 నుంచి ఇలాంటి విభజనే ఉంది. బొమ్మకు, సినిమాకు పొంతన ఉండాలన్న నియమం లేదు. రాక్షస బల్లుల సినిమా చూస్తే నాలుగేండ్ల పిల్ల రాత్రి నిద్రపోదు. అదే సినిమా పేరు మీద 4+ అని రాసిన సెట్టు దొరుకుతుంది. బొమ్మ ఇస్తే పర్వాలేదు. బొమ్మ ఇచ్చాక "సినిమా పెట్టు" అని అడుగుతుంది, ఆ పూట అమ్మానాన్నలు ఏం చేస్తారన్నది మేనత్త ముందే ఆలోచించాలి.

ఐఎస్‌ఐ గుర్తు, డూప్లికేట్, జాతర బొమ్మ

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏండ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేవాటికి ఐఎస్ 15644 ప్రమాణాలు. గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటుంది. ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. దాని బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. షాపులోనే చేయొచ్చు.

దీంట్లో ఒక మెలిక ఉంది. జపాన్ కంపెనీల ఖరీదైన హీరో బొమ్మల మీద చాలావాటికి 15+ అని రాసి ఉంటుంది. వాళ్ల దృష్టిలో అది ఆటబొమ్మ కాదు. సన్నని వేళ్లు, మొనదేలిన ఆయుధాలు ఉన్నవి కాబట్టి పిల్లల ప్రమాణాలకు తగ్గట్టు చేయలేదని ఆ అంకె సారాంశం. "మా వాడు తెలివైనోడు, పదిహేనేండ్లోళ్లతో సమానం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

మాట్లాడే, వెలిగే బొమ్మల్లో బిళ్ల బ్యాటరీలు ఉంటాయి. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందా అని తప్పక చూడండి. వేలితో నొక్కితే తెరుచుకునే మూత అయితే ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టండి. పిల్లలు మింగిన బిళ్ల బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేయగలదు. చిన్న అయస్కాంతాలు ఊడివచ్చే బొమ్మలూ అంతే. రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మేడారంలోనో, ఐనవోలు మల్లన్న జాతరలోనో కొన్న లైట్ల కత్తి విషయంలో ఈ పరీక్ష మరీ అవసరం. జాతర బొమ్మ కొనొద్దని నేననను. జాతరకు పోయి బొమ్మ కొనకుండా వచ్చే పిల్లలుంటారా? ఇంటికి రాగానే బ్యాటరీ మూత చూడండి, అంతే.

డూప్లికేట్లను పట్టుకోవడానికి సులువైన గుర్తు ఒకటుంది. స్పైడర్‌మ్యాన్ మార్వెల్ వాళ్లది, బ్యాట్‌మ్యాన్ డీసీ వాళ్లది. ఆ రెండూ పోటీ కంపెనీలు. ఇద్దరూ ఒకే అట్ట మీద భుజాలు రాసుకుంటూ నిలబడితే అది లైసెన్స్ ఉన్న సరుకు కాదని దాదాపు ఖాయం. చోటా భీమ్, డోరేమాన్ ఒకే పెట్టెలో కలిసినా అంతే. షాపువాళ్లు "ఫస్ట్ కాపీ" అంటారు. ఈ నకళ్ల వ్యాపారం ఎంత పెద్దదంటే, లెగో సెట్లను పెట్టెతో సహా కాపీ కొట్టే లెపిన్ సంస్థ మీద చైనా పోలీసులు 2019లో షాంటౌ నగరంలో దాడి చేస్తే లక్షల సంఖ్యలో పెట్టెలు దొరికాయి.

నకిలీతో పిల్లవాడికి వచ్చే నష్టం ఏమిటంటే, ముక్కలు సరిగ్గా బిగవవు. ఒకటి వదులు, ఒకటి మరీ బిగుతు. మధ్యలో ఒక ముక్క తక్కువ వస్తుంది. పిల్లవాడు తనకే కట్టడం రాలేదనుకుంటాడు. 1958లో పేటెంట్ తీసుకున్న నాటి లెగో ఇటుక ఇప్పటి ఇటుకకు అతుకుతుంది. ఆ ధరలో సినిమా పేరు కోసం కట్టేది కొంత, ఈ బిగింపు కోసం కట్టేది ఎక్కువ. డబ్బు సరిపోకపోతే సినిమా బొమ్మ లేని, ఐఎస్‌ఐ గుర్తున్న మామూలు ఇటుకల డబ్బా కొనండి. దొంగ సినిమా సెట్టు కన్నా అదే నయం.

మిస్టరీ డబ్బా లెక్క

లోపల ఏముందో తెలియని డబ్బాలకు పిల్లలు తొందరగా పడిపోతారు. బడి దగ్గరి కిరాణా షాపుల్లో వేలాడే పోకెమాన్ కార్డుల ప్యాకెట్లది కూడా ఇదే మంత్రం. ఒక సిరీస్‌లో 12 బొమ్మలున్నాయని, ప్రతి డబ్బాలో ఏదైనా రావడానికి సమానంగా అవకాశం ఉందని అనుకుందాం. మొదటి డబ్బాలో వచ్చేది ఎలాగూ కొత్తదే. రెండోది కూడా కొత్తదయ్యే అవకాశం 12లో 11. ఇలా తగ్గుతూ పోతుంది. 11 బొమ్మలు చేరాక మిగిలిన ఆ ఒక్కదాని కోసమే సగటున 12 డబ్బాలు కొనాలి. మొత్తం సెట్టు పూర్తికావడానికి సగటున పట్టేవి 37 డబ్బాలు. అంటే 12 బొమ్మల కోసం 25 రిపీట్లు ఇంట్లో పడి ఉంటాయి.

లెగో 2010లో ఇలాంటి చిన్న బొమ్మలు మొదలుపెట్టినప్పుడు ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఇచ్చేది. షాపులో నిలబడి వేళ్లతో నొక్కి లోపల కత్తి ఉందో టోపీ ఉందో కనిపెట్టే నిపుణులు తయారయ్యారు. 2023లో అట్ట డబ్బాలకు మార్చడంతో ఆ విద్య పోయింది.

అయినా ఈ డబ్బాలను పూర్తిగా కొట్టిపారేయను. రిపీట్లను బడిలో మార్చుకోవడం పిల్లలకు మంచి ఆట. నలుగురు దోస్తులు అవే కొంటుంటే 37 లెక్క చాలా తగ్గిపోతుంది. కానీ దోస్తులెవరూ కొనని బడిలో చదివే పిల్లకు ఒక్క డబ్బా బహుమతిగా ఇవ్వడమంటే పూర్తికాని సెట్టు బాధను ఆ ఇంటికి అంటించడమే. ఇవ్వాలనిపిస్తే, లోపలిది ముందే తెలిసే సెట్టు ఇవ్వండి.

డాలస్ నుంచి వచ్చిన డిస్కులు

వరంగల్, కరీంనగర్ ఇండ్లలో అమెరికా బంధువు లేని ఇల్లు వెతకాల్సిందే. బాబాయి వస్తున్నాడంటే సినిమాల, టీవీ సిరీస్‌ల డిస్కుల బాక్స్ సెట్టు కూడా రావచ్చు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దాంతో వచ్చే చిక్కులు వేరు. డీవీడీలకు రీజియన్ కోడ్ ఉంటుంది: అమెరికాది 1, మనది 5. బ్లూరే అయితే అమెరికాది ఏ, మనది సీ. అక్కడి డిస్కు ఇక్కడ కొన్న ప్లేయర్‌లో మొండికేస్తుంది. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ తాళం లేదు కానీ దాని ప్లేయర్ ఎంతమంది ఇండ్లలో ఉంది? 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ చవక వీసీడీలు, డీవీడీలు బజారు నింపిన రోజుల్లో ప్రతి ఇంట్లో ప్లేయర్ ఉండేది. ఇప్పుడు లాప్‌టాప్‌కు కూడా డిస్కు పెట్టే అర ఉండటం లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు భాష. 2024లో వచ్చిన ముఫాసా సినిమాలో సింహానికి తెలుగులో మహేశ్ బాబు గొంతు ఇచ్చాడు. మన పిల్లవాడికి ఇష్టమైంది ఆ సింహం. అమెరికా డిస్కులోని సింహం ఇంగ్లిష్‌లో గర్జిస్తుంది. పోల్చుకోవడానికి కూడా వాడికి టైం పడుతుంది. డిస్కుల సెట్టు బాగా నప్పేది పన్నెండు, పదమూడేండ్లు దాటి, సినిమా ఎలా తీశారో తెలుసుకోవాలనే పిచ్చి పట్టిన పిల్లలకు. వాళ్లకు తెర వెనుక విశేషాలే ముఖ్యం, అవి ఓటీటీలో అన్నిసార్లూ దొరకవు. సిరీస్ అయితే అట్ట మీద మొత్తం సీజన్లున్నాయా, మొదటి సీజన్ మాత్రమే "కంప్లీట్" అని రాశారా చూడాలి.

బాబాయికి చెప్పాల్సింది లెగో సెట్టు తెమ్మని. బొమ్మల మీద మన దేశం దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. విదేశీ సెట్లు ఇక్కడ అంత ధర ఉండటానికి అదొక కారణం. పెద్ద పెట్టెలో సగం గాలే ఉంటుంది. లోపలి సంచులు, పుస్తకం సూట్‌కేసులో సర్దుకుని, అట్ట పెట్టెను మడిచి అడుగున వేస్తే చాలు. పుస్తకం పోయినా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఎవరి ఇష్టం?

ఇక సినిమా ఎంపిక. పెద్దలు తమ చిన్నప్పటి సినిమా సెట్టు కొంటారు, లేదా ఆ నెల ఆడుతున్న సినిమాది కొంటారు. రెండూ తప్పే. పిల్లలకు ఒకసారి చూసిన సినిమా కన్నా రోజూ చూసే కార్టూన్ దగ్గరిది. 2008లో మొదలైన చోటా భీమ్‌ను తీసింది హైదరాబాద్ కంపెనీ గ్రీన్ గోల్డ్. ఢోలక్‌పూర్ పిల్లల గుంపు మన వీధి పిల్లలకు ఇంకా అర్థమవుతుంది. ఖరీదైన విదేశీ హీరో కన్నా భీమ్, రాజు, జగ్గు ముగ్గురూ ఉన్న మామూలు సెట్టుతో ఐదేండ్ల పిల్ల ఎక్కువ సేపు ఆడుతుంది. ఎందుకంటే ఆటకు ఒక్కడు చాలడు. హీరో ఒక్కడే ఉంటే వాడు ఎవరితో కొట్లాడాలి? కనీసం ఇద్దరు మనుషులు, ఒక బండో, ఇల్లో, గుహో ఉన్న సెట్టు చూడండి. నా లెక్కలో ఎత్తైన ఒంటరి విగ్రహం కన్నా అదే ఎప్పుడూ మేలు.

నిర్మల్ పొనికి కర్ర బొమ్మలు, చేర్యాల మాస్కుల గురించి కూడా ఇక్కడ చెప్పాలి. భౌగోళిక గుర్తింపు ఉన్న ఇలాంటి బొమ్మలకు ఐఎస్‌ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి గుర్తు లేదని అనుమానించనక్కర్లేదు. పొడవాటి గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసిన చేర్యాల పటం మరీ ముచ్చటైనది. కథకులు దాన్ని ఊరూరా విప్పి, బొమ్మ తర్వాత బొమ్మ చూపుతూ రాత్రంతా కథ చెప్పేవాళ్లు. సినిమా రాకముందు మన పల్లెల తెర అదే. ఇంట్లో పెట్టుకోవడానికి, పిల్లకు కథ చెప్పడానికి ఇంతకన్నా మంచి వస్తువు లేదు. అయితే స్పైడర్‌మ్యాన్ అడిగిన పిల్లవాడికి స్పైడర్‌మ్యాన్‌కు బదులుగా దాన్ని ఇవ్వకండి. సంస్కృతి మీద మనకున్న ప్రేమకు వాడి పుట్టినరోజు బలి కావద్దు. రెండూ ఇవ్వగలిగితే ఇవ్వండి, లేదంటే పటాన్ని దసరాకు దాచండి.

చివరగా ఒక చిన్న పని. షాపుల్లో సీలు తీస్తే మార్పిడి ఉండదు, బిల్లు లేకపోతే అసలే ఉండదు. ఒకే పుట్టినరోజుకు మేనమామ, చిన్నమ్మ, తండ్రి దోస్తు ముగ్గురూ అదే సెట్టు తేవడం కొత్తేం కాదు. రంగు కాగితం చుట్టించేముందు పెట్టె ముందువైపు, వయసు అంకె కనిపించే పక్క ఫోటో తీసి పిల్లవాడి తల్లికి వాట్సాప్‌లో పంపండి. వాళ్లింట్లో అది ఇప్పటికే ఉందా, పాకే పిల్ల చేతికి ముక్కలు అందుతాయా, వాడికి ఈ మధ్య ఆ హీరో మీద మోజు తగ్గిందా అన్నవి ఆమెకు తెలిసినంతగా దుకాణదారుకు తెలియవు.